పచ్చ టిక్కు వెనక ఏముందో చూడండి: ఇంజినీరింగ్ మేనేజర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లోనూ, బెంగళూరు నుంచి డాలస్ దాకా తెలుగువాళ్లు పనిచేసే ఇతర చోట్లా సాఫ్ట్‌వేర్ బృందాలను నడుపుతున్న ఇంజినీరింగ్ మేనేజర్లకు,



రిలీజుకు ముందు జరిగే సమావేశంలో మీ ముందుకు రెండు అంకెలు వస్తాయి. ఎన్ని టెస్టులు పాసయ్యాయి, కవరేజీ ఎంత శాతం. రెండూ బాగుంటే సరే అంటారు, కోడ్ ప్రొడక్షన్‌కు వెళ్తుంది. ఆ టెస్టులను ఎవరు రాశారు, ఎవరు చదివారు, అవి అసలు ఫెయిల్ కాగలవా అన్న ప్రశ్న ఆ గదిలో రాదు. రావాలని అడగడానికే ఈ లేఖ.

చాలా ఏళ్లుగా ఇతరులు రాసిన టెస్ట్ కోడ్ చదవడమే నా పనిలో పెద్ద భాగం. బిల్లింగ్, బ్యాంకింగ్, ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా చదివాను. డెవలపర్లకు కాకుండా మీకే రాయడానికి కారణం ఉంది. టెస్ట్ కోడ్‌ను బాగుచేసే తెలివి మీ బృందాల్లో ఇప్పటికే ఉంది. లేనిది సమయం, అనుమతి. ఒక స్ప్రింటులో రెండు రోజులు పాత టెస్టులకు కేటాయించాలన్నా, పనికిరాని టెస్టును తీసేయాలన్నా మీ మాట కావాలి. అప్రైజల్‌లో ఏది లెక్కలోకి వస్తుందో తేల్చేది కూడా మీరే.

కిరాణా కొట్టులో వాడే తూకపు రాళ్లను తూనికలు, కొలతల శాఖ నిర్ణీత కాలానికోసారి పరిశీలించి ముద్ర వేస్తుంది. సరుకును తూచే రాయిని ముందు తూచాలి కదా. మన సాఫ్ట్‌వేర్ బృందాల్లో ఆ ఏర్పాటు మామూలుగా ఉండదు. ప్రోగ్రామును టెస్టులు పరీక్షిస్తాయి, టెస్టులను పరీక్షించే పని ఎవరూ పెట్టుకోరు. ప్రోగ్రాములో తప్పుంటే ఇవాళో రేపో ఒక కస్టమర్ ఫోన్ చేస్తాడు. టెస్టులో తప్పుంటే ఎవరూ ఫోన్ చేయరు. ఆ తప్పు కూడా పచ్చ రంగులోనే కనిపిస్తుంది కాబట్టి, ఏళ్ల తరబడి అది మంచి టెస్టుగానే లెక్కలో ఉండిపోతుంది. అలాంటివాటిలో కొన్నిటిని యంత్రాలు పట్టిస్తాయి, మిగతావాటిని పట్టుకోవాలంటే చదివే మనిషి కావాలి. మన బృందాల్లో ఆ చదివే మనిషి లేడు.

ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కూర్చుని జేయూనిట్ తొలి రూపం రాశారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2001లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేస్తున్న ఆరీ వాన్ డ్యూర్సన్, లియోన్ మూనెన్, మరో ఇద్దరు సహచరులు టెస్ట్ కోడ్‌లో మాత్రమే కనిపించే లోపాలను 11 రకాలుగా గుర్తించి, ఒక్కోదాన్ని ఎలా దిద్దాలో రాశారు. టెస్ట్ స్మెల్స్ అని ఇప్పుడు అందరూ అంటున్నవి అవే. 2007లో జెరార్డ్ మెస్జారోస్ ఎక్స్‌యూనిట్ టెస్ట్ ప్యాటర్న్స్ అనే పెద్ద గ్రంథమే రాశారు. అంటే ఈ విద్యకు దాదాపు పాతికేళ్ల వయసుంది. ఇంటర్వ్యూల్లో డిజైన్ ప్యాటర్న్స్ గుచ్చి గుచ్చి అడుగుతాం. ఇది మాత్రం ఎవరినీ అడగం.

అన్నిటికంటే ప్రమాదకరమైన రకంతో మొదలుపెడతాను. అవి ఎప్పటికీ ఫెయిల్ కాలేని టెస్టులు.

పైథాన్‌లో అసర్ట్ అని రాసి, పోల్చే షరతునూ, తప్పయితే చూపాల్సిన సందేశాన్నీ కలిపి ఒకే బ్రాకెట్లలో పెడితే అది రెండు అంశాల టపుల్ అవుతుంది. ఖాళీగా లేని టపుల్ ఎప్పుడూ నిజమే. లోపలి షరతు తప్పయినా టెస్టు పాసవుతుంది. పైథాన్ దీనికి హెచ్చరిక ఇస్తుంది కానీ, వందల హెచ్చరికలతో నిండిన బిల్డ్ లాగ్‌లో దాన్ని చూసేదెవరు? యూనిట్‌టెస్ట్ లైబ్రరీలో అసర్ట్‌ఈక్వల్ రాయాల్సిన చోట అసర్ట్‌ట్రూ రాసి, వచ్చిన విలువ, రావాల్సిన విలువ అని రెండూ ఇస్తే, రెండోదాన్ని అది సందేశంగా తీసుకుంటుంది. వచ్చిన విలువ సున్నా కాకపోతే చాలు, పాస్. 500 రావాల్సిన చోట 5 వచ్చినా పాసే. ఒకే క్లాసులో రెండు టెస్టులకు ఒకే పేరు పడితే మొదటిది మాయమవుతుంది, చప్పుడు కూడా ఉండదు. కాపీ చేసి, అతికించి, లోపలి విలువలు మార్చి, పేరు మార్చడం మరిచిన ప్రతిచోటా జరిగేది ఇదే.

జావాస్క్రిప్టులో అవెయిట్ మరిచిపోతే, ఫలితం వచ్చేలోపే టెస్టు ముగిసిపోయి పాసవుతుంది. ఒక్క టెస్టునే నడిపి చూసుకుందామని డాట్ ఓన్లీ పెట్టి, తీయకుండా కమిట్ చేస్తే, పక్కనున్న మిగతా టెస్టులన్నీ ఆ రోజు నుంచి నడవవు. బిల్డు మాత్రం పచ్చగానే ఉంటుంది. జావాలో ఏదో ఒక ఎక్సెప్షన్ వస్తే చాలని రాసిన టెస్టు, మనం ఆశించిన 'బ్యాలెన్సు చాలదు' అన్న ఎక్సెప్షన్‌కు బదులు నల్ పాయింటర్ వచ్చినా సంతోషంగా పాసవుతుంది. ఇక ఏ భాషలోనైనా ఉండేది లూపు. వచ్చిన జాబితాలోని ప్రతి అంశాన్నీ తిప్పి తనిఖీ చేసే టెస్టు చూడటానికి బలంగా ఉంటుంది. జాబితా ఖాళీగా వచ్చిన రోజు లూపు ఒక్కసారీ తిరగదు, ఒక్క తనిఖీ జరగదు, టెస్టు పాస్. జాబితా ఖాళీగా రావడమే కదా మనం పట్టుకోవాల్సిన తప్పు!

వీటిలో చాలావాటిని యంత్రాలే పట్టిస్తాయి. అసర్షన్ లేని టెస్టును చూపించే నియమాలు సోనార్‌క్యూబ్‌లో, పీఎండీలో ఉన్నాయి. మిగిలిపోయిన డాట్ ఓన్లీని అడ్డుకునే సెట్టింగు మోకాలో, ప్లేరైట్‌లో ఉంది. జేయూనిట్ టెస్టుల్లో 19 రకాల స్మెల్స్‌ను గుర్తించే టీఎస్‌డిటెక్ట్ అనే ఉచిత పరికరం ఉంది. కానీ నేను చూసిన చాలా ప్రాజెక్టుల్లో టెస్టుల ఫోల్డరును స్కాన్ నుంచి మినహాయించి ఉంచారు. ఎందుకని అడిగితే, రిపోర్టులో ఎర్ర గీతలు ఎక్కువవుతున్నాయని జవాబు వచ్చింది. దయచేసి మీ ప్రాజెక్టు కాన్ఫిగరేషన్ ఫైల్లో ఆ మినహాయింపు ఉందో లేదో చూడండి. ఉంటే తీసేయించండి. ఇందుకు ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

యంత్రానికి దొరకని రకం ఇంకొకటి ఉంది. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. జీఎస్టీ లెక్కించే ఫంక్షన్ తీసుకుందాం. ధర 100 రూపాయలు, పన్ను 18 శాతం, రావాల్సింది 18 రూపాయలు. టెస్టు రాశారు, పాసైంది. ఇప్పుడు ఆ ఫంక్షన్ పైసలను సవరించాల్సిన చోట కోసేస్తోందనుకోండి. 100 రూపాయల మీద అది బయటపడదు, 18 కచ్చితంగానే వస్తుంది. ధర 99.99 పెడితే పన్ను 17.9982 అవుతుంది. సవరిస్తే 18.00, కోసేస్తే 17.99. తప్పు పైసా దగ్గర కనిపిస్తుంది. గుండ్రటి అంకెలతో రాసిన టెస్టు ఈ తప్పును ఎన్నడూ చూడలేదు. పైసా తేడా అని కొట్టిపారేయకండి. రోజుకు లక్ష బిల్లులు కొట్టే వ్యవస్థలో ఆ పైసలు కలిస్తే ఖాతాలు పొంతన కుదరక అకౌంట్స్ వాళ్లు రాత్రిళ్లు కూర్చుంటారు.

సరే, 99.99 పెట్టారు. కానీ రావాల్సిన విలువను 18.00 అని నేరుగా రాయకుండా, ఫంక్షన్‌లో ఉన్న సూత్రాన్నే టెస్టులోకి కాపీ చేసి లెక్కించారనుకోండి. అప్పుడు రెండు వైపులా ఒకే తప్పు ఉంటుంది, రెండూ సరిగ్గా సరిపోతాయి. ఇలాంటి టెస్టులు రివ్యూలో ఇట్టే దాటిపోతాయి. చూడటానికి శ్రద్ధగా రాసినట్టే ఉంటాయి కూడా. దిద్దే పద్ధతి సులువు. కాగితం మీద చేత్తో లెక్కవేసి, వచ్చిన అంకెను అంకెగానే టెస్టులో రాయాలి. టెస్టులో సూత్రం కనబడితే రివ్యూ చేసేవాళ్లు ఆగాలి.

ఈమధ్య ఏఐ సాధనాలతో టెస్టులు రాయిస్తున్నారు కాబట్టి ఇది మరింత ముఖ్యమైంది. కోడ్‌ను చూపించి టెస్టులు రాయమంటే, ఆ కోడ్ ఇప్పుడు ఏం చేస్తోందో దాన్నే ఒప్పుగా తీసుకుని రాసే అవకాశం ఎక్కువ. 17.99 ఇచ్చే ఫంక్షన్‌కు 17.99 రావాలనే టెస్టు తయారవుతుంది. అంటే తప్పుకు కాపలా పెట్టినట్టవుతుంది. రేపు ఎవరైనా ఆ తప్పును దిద్దితే ఆ టెస్టు ఎర్రబడి, దిద్దినవాళ్లనే వెనక్కి లాగుతుంది. కోడ్‌కు బదులు నిబంధనను చూపించి రాయించండి. వచ్చిన ప్రతి టెస్టునూ బృందంలోని మనిషి చదివాకే మెర్జ్ కానివ్వండి.

ఇక కవరేజీ. ఏ వరుసలు నడిచాయో కవరేజీ చెబుతుంది, నడిచాక ఫలితాన్ని ఎవరైనా చూశారా అన్నది చెప్పదు. పైన చెప్పిన టపుల్ టెస్టుకూ, ఖాళీ జాబితా టెస్టుకూ, అసలు అసర్షనే లేని టెస్టుకూ కవరేజీ వస్తుంది. వాటర్‌లూ విశ్వవిద్యాలయం నుంచి లారా ఇనొజెమ్‌త్సేవా, రీడ్ హోమ్స్ 2014లో ఐదు పెద్ద జావా ప్రాజెక్టుల మీద 31,000 టెస్ట్ సూట్లు తయారుచేసి పరీక్షించారు. సూట్‌లోని టెస్టుల సంఖ్యను లెక్కలోకి తీసుకుంటే, కవరేజీ శాతానికీ తప్పులు పట్టే శక్తికీ మధ్య ఉన్న సంబంధం అంత బలమైనది కాదని తేలింది. ఏ భాగాలకు అసలు టెస్టులు లేవో చూసుకోవడానికి కవరేజీ పనికొస్తుంది. ఉన్న టెస్టుల నాణ్యతను అది కొలవదు. 80 దాటితేనే మెర్జ్ అని గేటు పెట్టిన చోట ఏం జరుగుతుందో మీకు తెలుసు. 79 దగ్గర ఆగిపోయిన కుర్రాడు శుక్రవారం సాయంత్రం గెటర్లకూ సెటర్లకూ టెస్టులు రాసి ఇంటికి వెళ్తాడు. ఆ కుర్రాడిని తప్పుపట్టను. గేటు అడిగిందే అతను ఇచ్చాడు.

టెస్టుల శక్తిని కొలిచే పద్ధతి వేరే ఉంది, అదీ పాతదే. రిచర్డ్ లిప్టన్ విద్యార్థిగా ఉన్నప్పుడు 1971లో ప్రతిపాదించారు. 1978లో డిమిల్లో, సేవర్డ్‌లతో కలిసి రాసిన వ్యాసంతో అది స్థిరపడింది. పేరు మ్యుటేషన్ టెస్టింగ్. ప్రోగ్రాములో కావాలని చిన్న తప్పులు పెడతారు. 'కంటే ఎక్కువ' ఉన్న చోట 'ఎక్కువ లేదా సమానం' అని మారుస్తారు, కూడికను తీసివేత చేస్తారు, ఒక వరుసను తీసేస్తారు. ఒక్కో మార్పుకూ టెస్టులు నడిపి చూస్తారు. ఏ టెస్టూ ఎర్రబడకపోతే ఆ చోటుకు కాపలా లేదన్నమాట. జావాకు పిట్, జావాస్క్రిప్టుకు స్ట్రైకర్, పైథాన్‌కు మ్యుట్‌మట్ ఉన్నాయి, మూడూ ఉచితమే. మొత్తం ప్రాజెక్టు మీద నడిపితే గంటలు పడుతుంది, అందుకే చాలామంది ఒకసారి ప్రయత్నించి వదిలేస్తారు. అలా చేయక్కర్లేదు. గూగుల్ తన బృందాల్లో రివ్యూకు వచ్చిన మార్పులోని వరుసల మీద మాత్రమే దీన్ని నడిపి, బతికిపోయిన తప్పులను రివ్యూలోనే చూపిస్తుంది. మీరు డబ్బు లెక్కించే మాడ్యూల్ ఒక్కదానితో మొదలుపెట్టండి. మొదటి నివేదిక చూశాక కవరేజీ మీద మీ నమ్మకం ఎంత మిగులుతుందో మీరే తేల్చుకోండి.

రెండో పెద్ద జబ్బు ఒకసారి పాసై, ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టులు, ఫ్లేకీ టెస్టులు. బిల్డు ఎర్రబడగానే "ఆ టెస్టు అంతేలే, రీరన్ కొట్టు" అనే మాట మీ ఫ్లోర్‌లో రోజూ వినబడుతూ ఉంటుంది. గూగుల్ 2016లో తన అంకెలు బయటపెట్టింది. వాళ్ల టెస్టుల్లో దాదాపు 16 శాతం ఎంతోకొంత ఫ్లేకీ. పాస్ నుంచి ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో 84 శాతంలో ఫ్లేకీ టెస్టు హస్తం ఉంది. అంత పెద్ద సంస్థకే అలా ఉంటే మనమెంత అని సర్దుకోవడానికి ఈ అంకెలు చెప్పడం లేదు. పది ఎర్ర బిల్డుల్లో ఎనిమిది ఉత్తుత్తివని అలవాటైన మనిషి మిగతా రెండింటినీ చూడడు. నష్టం అక్కడుంది.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో 51 అపాచీ ప్రాజెక్టుల్లో ఫ్లేకీ టెస్టులను దిద్దిన 201 కమిట్లను పరిశీలించారు. కారణాల్లో మొదటిది, సుమారు 45 శాతం, ఏదో ఒక పని పూర్తయ్యేదాకా సరిగ్గా ఆగకపోవడం. తర్వాతివి ఏకకాలంలో నడిచే థ్రెడ్ల పోటీ, ఒక టెస్టు ముందు నడిస్తేనే ఇంకోటి పాసయ్యే క్రమం. మన దగ్గర మొదటిదానికి వాడే మందు స్లీప్. పేజీ లోడ్ కావడానికి మూడు సెకన్లు ఆగు అని రాస్తారు. సర్వరు నెమ్మదించిన రోజు మూడు చాలదు, ఐదు చేస్తారు, తర్వాత పది. వేయి టెస్టుల్లో ఇవి పేరుకుంటే బిల్డు గంటలు పడుతుంది, ఫ్లేకీతనం అలాగే ఉంటుంది. అమీర్‌పేట కోచింగులో సెలీనియం నేర్చుకుని వచ్చిన పిల్లలకు ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ తెలుసు. 'ఈ బటన్ కనిపించేదాకా ఆగు, పది సెకన్లు దాటితే ఫెయిల్ చెయ్యి' అని రాయడం వాళ్లకు వచ్చు. గడువు ముంచుకొస్తున్నప్పుడు స్లీప్ రాస్తారు, రివ్యూలో ఎవరూ అడగరు. అడగమని చెప్పండి.

కానీ ఫ్లేకీ టెస్టులన్నీ టెస్టు తప్పులే అనుకోవడం ఇంకో ప్రమాదం. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. సర్వర్లు సాధారణంగా యూటీసీలో నడుస్తాయి. ప్రోగ్రాము ఇవాళ్టి తేదీని సర్వరు గడియారం నుంచి తీసుకుంటుంది, టెస్టు భారత కాలమానం నుంచి తీసుకుంటుంది అనుకోండి. పగలంతా పాస్. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున ఐదున్నర దాకా ఫెయిల్, ఎందుకంటే ఆ వేళలో యూటీసీలో ఇంకా నిన్నటి తేదీయే. అమెరికా క్లయింటు కోసం రాత్రి షిఫ్టు చేసే బృందాలకు సరిగ్గా అప్పుడే బిల్డులు నడుస్తాయి. మర్నాడు పొద్దున చూస్తే టెస్టు మళ్లీ పచ్చగా ఉంటుంది. ఫ్లేకీ అని ముద్ర వేసి, ఇగ్నోర్ పెట్టేస్తారు.

ఆ టెస్టు చెబుతున్నది నిజం. ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక 12.30కు కొట్టిన బిల్లును ఆ ప్రోగ్రాము మార్చి 31 తేదీతో భద్రపరుస్తుంది. యూటీసీలో అప్పుడు మార్చి 31 రాత్రి ఏడు గంటలు. బిల్లు వెళ్లి గత ఆర్థిక సంవత్సరంలో కూర్చుంటుంది. దిద్దాల్సింది ప్రోగ్రామును. టెస్టులో చేయాల్సిన పని, గడియారాన్ని బయటి నుంచి ఇచ్చేలా చేసి, మార్చి 31 రాత్రి 11.59కీ, ఏప్రిల్ 1 రాత్రి 12.30కీ కావాలని ఆపి పరీక్షించడం. జావాలో ఇందుకోసం 2014 నుంచే క్లాక్ అనే క్లాసు ఉంది. కాబట్టి ఫ్లేకీ టెస్టును బిల్డు దారి నుంచి పక్కన పెట్టండి, తప్పులేదు. పక్కన పెట్టినప్పుడు దానికో మనిషి పేరు, ఒక గడువు తేదీ ఉండాలి. కారణం తెలిశాకే దిద్దడమో తీసేయడమో జరగాలి. పేరూ గడువూ లేని ఇగ్నోర్ మీ కోడ్‌బేసులో ఎన్ని ఉన్నాయో ఒకసారి వెతికించండి.

టెస్టుల్లో వాడే డేటా గురించీ ఒక మాట చెప్పాలి. ఇది మనవాళ్లకు దగ్గరి సంగతి. మన రాష్ట్రాల ప్రజలు వాడే యాప్‌లకు కూడా టెస్టుల్లో జాన్ అనే పేరే ఇంగ్లిషు అక్షరాల్లో కనిపిస్తుంది. నాలుగు అక్షరాలు, నాలుగు యూనికోడ్ సంకేతాలు, యూటీఎఫ్-8లో నాలుగు బైట్లు. ఏది లెక్కపెట్టినా నాలుగే కాబట్టి ప్రోగ్రాము దేన్ని లెక్కపెడుతోందో ఆ టెస్టుకు తెలియదు. శ్రీనివాస్ అని తెలుగులో పెట్టి చూడండి. కంటికి నాలుగు అక్షరాలు, యూనికోడ్‌లో పది సంకేతాలు, ముప్పై బైట్లు. పేరును ఇరవై బైట్ల దగ్గర కోసే కోడ్ ఉంటే అప్పుడు బయటపడుతుంది. హైదరాబాద్ అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద తేడా ఉండదు, నేరుగా పోలిస్తే రెండూ వేరు. నార్మలైజ్ చేయకుండా పోల్చే కోడ్‌లో వెతికిన ఊరు దొరకదు. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, ఇంటిపేరే రాయనివాళ్లు, ఒక్క అక్షరం ఇనిషియల్‌తో సరిపెట్టేవాళ్లు మన వినియోగదారులు. టెస్టుల్లో వాళ్లుండాలి.

చదవడానికి వీలుగా లేకపోవడం మరో లోపం. ఒకే టెస్టులో ఇరవై అసర్షన్లు, దేనికీ సందేశం ఉండదు, ఏది ఫెయిలైందో తెలియదు. టెస్టుకు కావాల్సిన ఫైలు ఎక్కడో సర్వరులో ఉంటుంది, చదివేవాళ్లకు దాని లోపలేముందో తెలియదు. సెటప్‌లో నలభై వస్తువులు తయారవుతాయి, ఈ టెస్టుకు కావాల్సింది రెండు. వీటిని దిద్దడం కష్టమేమీ కాదు. ఒక టెస్టు ఒక్క ప్రవర్తననే చూడాలి, దానికి కావాల్సిన డేటా దాని పక్కనే కనబడాలి, పేరు చదివితే ఏ నియమం తప్పిందో తెలియాలి. ఇందుకోసం ఒకే వరుస రెండు టెస్టుల్లో మళ్లీ వచ్చినా ఫర్వాలేదని నా అభిప్రాయం. ప్రోగ్రాములో పునరుక్తిని ఎంత కఠినంగా తొలగిస్తామో టెస్టుల్లోనూ అంతే తొలగిస్తే, ఒక్క టెస్టు అర్థం కావడానికి ఐదు ఫైళ్లు తెరవాల్సి వస్తుంది. రాత్రి రెండు గంటలకు ప్రొడక్షన్ ఆగిపోయినప్పుడు ఆ ఫైళ్లు తెరిచే మనిషిని తలుచుకుని టెస్టు రాయాలి.

దిద్దే క్రమంలో ఒక కట్టుబాటు తప్పనిసరి. టెస్టును దిద్దే కమిట్‌లో ప్రోగ్రామును ముట్టుకోకూడదు, ప్రోగ్రామును మార్చే కమిట్‌లో టెస్టు శుభ్రం చేయకూడదు. రెండూ కలిపి మారిస్తే దేనికి ఏది సాక్ష్యమో తెలియదు. దిద్దాక పచ్చ రావడం చాలదు. ప్రోగ్రాములో ఒక వరుసను కావాలని పాడుచేసి, ఆ టెస్టు ఎర్రబడటం కంటితో చూసి, వరుసను మళ్లీ సరిచేసి కమిట్ చేయాలి. అర నిమిషం పని. ఈ లేఖలో ఒక్కటే పాటిస్తానంటే ఇదే పాటించండి. పైన చెప్పిన టపుల్, అసర్ట్‌ట్రూ, మరిచిన అవెయిట్, ఖాళీ జాబితా లాంటివి చాలావరకు ఈ అర నిమిషంలోనే దొరికిపోతాయి.

మిఖేలె తుఫానో, ఆయన సహచరులు అపాచీ, ఎక్లిప్స్ ప్రాజెక్టుల చరిత్రను తిరగేసి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ లోపాల్లో ఎక్కువ భాగం టెస్టు రాసిన తొలి కమిట్‌లోనే వస్తాయి, తర్వాత చాలాకాలం అలాగే ఉండిపోతాయి. అందుకే తర్వాత ఎప్పుడో పెద్ద ఎత్తున శుభ్రం చేద్దామన్న ప్రణాళికలకంటే, కొత్త టెస్టు వచ్చిన రోజే చదవడం మేలు. మీ దగ్గర రివ్యూ ఎలా జరుగుతోందో గమనించండి. ప్రోగ్రాము ఫైళ్ల దగ్గర పది వ్యాఖ్యలుంటాయి, టెస్టు ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి మౌస్ గబగబా కిందికి జరుగుతుంది. రివ్యూను టెస్టుల నుంచి మొదలుపెట్టమని చెప్పండి. టెస్టు చదివి, ఈ మార్పు ఏం చేయబోతోందో అర్థమైతేనే ప్రోగ్రాములోకి వెళ్లమనండి.

టెస్టులు రాసే పనిని ఫ్రెషర్లకు వదిలేయడం మానండి. కొత్తగా చేరినవాళ్లకు ప్రోగ్రాము తెలియదు, వ్యాపార నియమాలు తెలియవు, ఏది ఎక్కడ విరిగే అవకాశముందో తెలియదు. టెస్టు రాయడానికి కావాల్సినవి సరిగ్గా అవే. అనుభవమున్నవాళ్లను పక్కన కూర్చోబెట్టండి. ఒక నెలపాటు అలా కూర్చున్న ఫ్రెషర్ మీ వ్యవస్థ గురించి నేర్చుకునేది ఏ కేటీ సెషన్లోనూ నేర్చుకోలేడు. పనికిరాని టెస్టులను తీసేసిన మనిషిని మెచ్చుకోండి. టెస్టుల సంఖ్య తగ్గిందని క్లయింటు అడిగితే సమాధానం చెప్పే బాధ్యత మీరు తీసుకోండి, ఆ ఇంజినీరు మీద వదలకండి.

వచ్చే రిలీజు సమావేశంలో కవరేజీ స్లైడ్ వచ్చినప్పుడు, డబ్బుతోనో ప్రాణాలతోనో ముడిపడిన ఏదో ఒక మాడ్యూల్ నుంచి ఒక టెస్టును తెర మీద తెరవమనండి. అందరూ కలిసి చదవండి. ప్రోగ్రాములో ఒక గుర్తు మార్చి, అక్కడే నడిపించి చూడండి. ఎర్రబడకపోతే ఆ రిలీజును రెండు రోజులు ఆపే అధికారం ఆ గదిలో మీకే ఉంది. వాడమని అడుగుతున్నాను.

ఇట్లు,
టెస్ట్ కోడ్ చదవడం వృత్తిగా ఉన్న ఒక ఇంజినీరు